సిల్వెస్త్రో లేగా ఇంప్రెషనిస్టు కాదు

19వ శతాబ్దపు ఇటలీ చిత్రకారుడు సిల్వెస్త్రో లేగా గురించి ఎక్కడ చదివినా రెండు మాటలు తప్పకుండా ఎదురవుతాయి. ఒకటి, "ఇటలీ ఇంప్రెషనిస్టు". రెండోది, "ప్రశాంతమైన గృహజీవితాన్ని చిత్రించినవాడు". మొదటిది తప్పు. రెండోది తప్పు కాదు గానీ, అసలు సంగతిని దాటేసే మాట. ఆ ప్రశాంతత ఆయన మెత్తని మనసులోంచి ఊరికే కారి బొమ్మలోకి రాలేదు. గీత, కొలత, వెలుగునీడల మోతాదు చూసుకుని కట్టాడు. ఆ కట్టుబడి కంటికి ఆనకపోతే ఆయన బొమ్మల్లో మిగిలేవి కాఫీ పళ్లెం, పియానో, పూలకుండీలు. వాటిని ఆ కాలపు యూరప్‌లో వేయని వాళ్లెవరు?

ముందు తేదీల సంగతి తేల్చుకుందాం. ఫ్లోరెన్స్‌లో వియా లార్గా వీధిలో ఉన్న కఫే మికెలాంజొలోలో 1850లలో చేరిన కుర్ర చిత్రకారుల బృందమే తర్వాత మాకియాయోలి అయింది. మచ్చలు పూసేవాళ్లంటూ ఒక పత్రిక 1862లో వెక్కిరిస్తే, వాళ్లు ఆ పేరునే తగిలించుకు తిరిగారు. ఈ బృందంలోవాడైన లేగా గొప్ప బొమ్మలు నాలుగైదు 1867 నుంచి 1869 లోపల పూర్తయ్యాయి. పారిస్‌లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శన జరిగింది 1874 ఏప్రిల్‌లో. ముందెవరు, వెనకెవరు అన్న పంతం కోసం ఈ తేదీలు చెప్పడం లేదు. పద్ధతే వేరు. ఇంప్రెషనిస్టుకు నీడ కూడా ఒక రంగు: నీలమో, ఊదానో. దాన్ని చిన్న చిన్న కుంచె వేట్లుగా విరగ్గొడతాడు. మాకియాయోలికి అన్నిటికంటే ముందు టోన్: రంగు ఏదైనా సరే, అది ఎంత వెలుగు, ఎంత చీకటి అన్న లెక్క. ఈ తేడా వాళ్లకూ తెలుసు. వాళ్లకు అండగా నిలిచిన విమర్శకుడు దియెగో మార్తెల్లి 1878లో ఇంప్రెషనిస్టు పిస్సారో ల్యాండ్‌స్కేప్‌లు రెండు పారిస్ నుంచి ఫ్లోరెన్స్‌కు పంపితే ఇక్కడి మిత్రులకు నచ్చలేదు. బృందంలోని చిత్రకారుడు ఫత్తోరీ అయితే మొహమాటం లేకుండా విమర్శించాడు. వాళ్లే కాదనుకున్న పేరును మనం వాళ్ల మెడలో వేస్తున్నాం.

ఈ టోన్ లెక్క చేతికి ఎలా వచ్చేది? వాళ్ల దగ్గర ఒక పనిముట్టు ఉండేది: నల్ల అద్దం. 1855 పారిస్ ప్రపంచ ప్రదర్శన చూసి వచ్చిన అల్తమూరా, దె తీవొలి లాంటి చిత్రకారుల ద్వారా ఫ్లోరెన్స్‌లో దీని వాడకం పెరిగింది. దృశ్యానికి వీపు తిప్పి నిలబడి ఆ అద్దంలో చూస్తే రంగుల గోల అణిగిపోతుంది, చిల్లర వివరాలు మాయమవుతాయి, పెద్ద వెలుగులూ పెద్ద చీకట్లూ మాత్రం నిలుస్తాయి. ఇప్పుడిది ప్రతివాళ్ల జేబులోనూ ఉంది. ఫోన్ తెర ఆఫ్ చేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, భుజం మీదుగా వెనక దృశ్యం కనిపించేలా పట్టుకుంటే చాలు. వేలిముద్రల జిడ్డు ఉంటే నీడల మీద తెల్లటి పొర కమ్ముతుంది, కాబట్టి తుడవడం తప్పదు. ఎండ నేరుగా తెర మీద పడకూడదు. కుడి ఎడమలు తారుమారవుతాయని గుర్తుంచుకోవాలి. ఫోన్ కెమెరాతో మాత్రం ఈ పని కాదు. అది నీడలను తనంతట తానే వెలిగించేస్తుంది. చీకటి ఎంత ఉందో తెలుసుకుందామని పోతే చీకటినే చెరిపేసి ఇస్తుంది.

తర్వాత పలక. మాకియాయోలి ఆరుబయట వేసుకున్న నమూనాల్లో చాలా భాగం చిన్న చెక్క పలకల మీదవే. చుట్టల పెట్టె మూతలు కూడా వదల్లేదు. చవక అన్నది ఒక కారణం. చెక్కకు సహజంగా ఉండే గోధుమ రంగు మధ్య టోన్‌గా పనికొస్తుందన్నది అంతకంటే పెద్ద కారణం. పూయకుండా వదిలేసిన చోట కూడా బొమ్మ ఉంటుంది. ఈ పద్ధతిని చేసి చూడాలనుకునేవాళ్లు 15×30 సెంటీమీటర్ల చెక్క తీసుకుని, ముందు పలచటి జిగురు గానీ లక్క పాలిష్ గానీ ఒక పూత వేయాలి. పచ్చి చెక్క నూనెను తాగేస్తుంది. మర్నాటికి నల్లటి చోట్లు బూడిద పట్టినట్టు పేలవమవుతాయి. పాలెట్ మీద నాలుగు కుప్పలు చాలు: గాఢమైన చీకటి, నీడ, వెలుగు, మిరుమిట్లు. ముందుగా అతి పెద్ద నీడను ఒకే ముద్దగా, దాని పక్కనే అతి పెద్ద వెలుగును మరో ముద్దగా పెట్టాలి. రెండూ కలిసే అంచును కెలకకూడదు.

బొమ్మ ఇక్కడే చెడుతుంది. అంచు కరుకుగా ఉందని పొడి కుంచెతో నిమిరితే రెండు టోన్లూ కలిసి మూడోది పుడుతుంది, దాని పక్కన నాలుగోది, కాసేపటికి అంతా పొగ. ఇంకో పొరపాటు, నీడలో వివరం చూపిద్దామని తెల్లరంగు కలపడం. ఇప్పటి టైటేనియం తెలుపుతో ఇది మరీ ప్రమాదం. వాళ్లు వాడిన సీసపు తెలుపు కంటే దాని బలం చాలా ఎక్కువ. గోరంత కలిసినా నీడ సుద్దలా తేలిపోతుంది. మెరుపు చుక్కలు ముందే పెట్టేస్తే ఇక ఏ వెలుగూ వెలుగులా కనిపించదు; అవి ఆఖరున, ఒకటో రెండో.

బృందంలో చాలామంది బలం ఈ చిన్న పలకల్లోనే ఉంది. పెద్ద కాన్వాసుకు వెళ్లేసరికి ఆ తాజాదనం నీరసించిన సందర్భాలు తక్కువేం కాదు. లేగా సంగతి వేరు. ఆయనకు మాకియా, అంటే ఆ రంగు మచ్చ, గీతకు బదులుగా వచ్చినది కాదు, గీత లోపల నింపుకున్నది. దీనికి కారణం ఆయన చదువు.

లేగా 1826 డిసెంబర్ 8న రొమాన్యా ప్రాంతంలో, ఫోర్లీకి దగ్గర్లోని మోదిల్యానా అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1843లో ఫ్లోరెన్స్ చేరి అకాడమీలో గీత నేర్చాడు. తర్వాత లుయీజీ ముస్సీనీ నడిపిన బడికి మారాడు. ముస్సీనీది ప్యూరిస్టుల దారి: 15వ శతాబ్దపు టస్కన్ చిత్రకారుల్లాగా, ఆకారం చుట్టూ తడబాటు లేని శుభ్రమైన గీత, అనవసరమైన హావభావం లేని ముఖం. 1848లో టస్కనీ వాలంటీర్లతో కలిసి ఆస్ట్రియా మీద యుద్ధానికి పోయి వచ్చాక ఆంతోనియో చీసెరీ దగ్గర పనిచేశాడు. 1852లో దావీదు వీణ వాయించి సౌలు రాజును ఊరడించే బైబిల్ ఘట్టం వేసి అకాడమీ పోటీలో నెగ్గాడు. మోదిల్యానాలో మదోన్నా దెల్ కంతోనే ప్రార్థనాలయానికి 1858-63 మధ్య నాలుగు అర్ధచంద్రాకారపు చిత్రాలు వేశాడు: తెగులు, కరువు, యుద్ధం, భూకంపం. అంటే తర్వాత పందిరి కింద కాఫీ బొమ్మ వేసిన మనిషి అప్పటికి పదిహేనేళ్లుగా గంభీరమైన పెద్ద విషయాల మీద చెయ్యి తిప్పినవాడు. కఫేలో మిగతావాళ్లు కొత్త పద్ధతి గురించి గొంతు చించుకుంటున్నప్పుడు ఆయన తొందరపడలేదు. 1860 దాటాక గానీ ఆ దారికి పూర్తిగా రాలేదు. ఆలస్యంగా వచ్చినందువల్ల పాతది పారేయాల్సిన పని పడలేదు.

1861లో వేసిన ఒక బొమ్మలో ఇటలీ సైన్యపు బెర్సాల్యేరి దళం సైనికులు ఆస్ట్రియన్ ఖైదీలను తీసుకెళ్తుంటారు. యుద్ధం లేదు, జెండా లేదు, గెలిచామన్న కేక లేదు; దారి, ఎండ, నడిచే మనుషులు. నిత్యజీవిత చిత్రకారుడి చూపు అప్పటికే యుద్ధం మీద పనిచేస్తోంది.

అదే కాలంలో ఆయన ఫ్లోరెన్స్ తూర్పు శివార్లలోని పియాజెంతీనాకు, ఆఫ్రికో వాగు దగ్గర ఉన్న బతెల్లి కుటుంబం ఇంటికి చేరాడు. ప్రచురణకర్త స్పిరీతో బతెల్లి, ఆయన కూతుళ్లు. పెద్దమ్మాయి విర్జీనియాకూ లేగాకూ అనుబంధం పెరిగింది. కూరగాయల మళ్లు, చిన్న గోడలు, పందిళ్లు, దూరంగా సైప్రెస్ చెట్లు. బృందంలోని అబ్బాతి, సెర్నేసి, బొర్రానీ, సిన్యోరీని అక్కడికే వచ్చి పనిచేసేవాళ్లు. దీన్నంతా మారని పల్లె అనుకుంటే పొరపాటు. 1865లో ఫ్లోరెన్స్ ఇటలీ రాజధాని అయింది. జుసెప్పే పోజ్జి పథకం ప్రకారం పాత కోటగోడలు కూలగొట్టి వెడల్పాటి రోడ్లు వేయడం మొదలైంది. ఊరు ఈ శివారు వైపుకు పాకుతోంది. ఇవాళ అక్కడ పొలాలు లేవు, అపార్ట్‌మెంట్ల వీధులున్నాయి. ఆఫ్రికో వాగు చాలా మేరకు రోడ్ల కిందే పారుతోంది. లేగా ఆ గోడలనూ గట్లనూ అంత కచ్చితంగా నమోదు చేసింది పలుగూ పారా వినిపించేంత దూరంలో.

ఇప్పుడు "పందిరి" దగ్గరికి రావచ్చు. 1868, సుమారు 75×94 సెంటీమీటర్లు, మిలాన్‌లోని బ్రేరా గ్యాలరీలో ఉంది. భోజనాల తర్వాతి మధ్యాహ్నం. పందిరి నీడలో ఆడవాళ్లు, ఒక చిన్నపిల్ల కూర్చుని ఉన్నారు. ఎడమ నుంచి పనిమనిషి కాఫీ పళ్లెం పట్టుకుని వస్తోంది. వెనక చిన్న గోడ, దాని అవతల ఎండలో పొలం, సైప్రెస్‌లు, ఇళ్లు. కథ అంతే. ఇంటర్నెట్‌లో దొరికే మంచి ఫొటో తీసుకుని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. బొమ్మ కూలదు, ఇంకా గట్టిగా నిలబడుతుంది. మూడు పెద్ద ముద్దలు తేలతాయి: పందిరి చీకటి, నేల మధ్య టోన్, అవతలి పొలం వెలుగు. రంగుల విరుపు మీదే నిలబడ్డ ఇంప్రెషనిస్టు ల్యాండ్‌స్కేప్ ఒకదానికి ఇదే పరీక్ష పెట్టండి. చాలాసార్లు అది బూడిద గుడ్డ అవుతుంది. అది ఆ బొమ్మ లోపం కాదు, దాని బతుకు రంగులో ఉంది. లేగా బొమ్మ బతుకు మరోచోట ఉంది.

తర్వాత గీతలు చూడండి. నేల మీద పరిచిన పలకల అంచులూ, చిన్న గోడా, పొలం గట్టూ అడ్డంగా పోతాయి. వాటిని పందిరి గుంజలు, సైప్రెస్‌లు, పనిమనిషి ఆకారం నిలువుగా కోస్తాయి. మనుషులు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించినది ఈ చట్రమే. ఆకుల సందుల్లోంచి నేల మీద పడ్డ ఎండ ముక్కలకు అంచులున్నాయి, మసకబారలేదు. ఒక్కొక్కటీ పక్కనున్న నీడతో కొలిచి పెట్టినట్టుంది. బొమ్మలో గాలి ఆడదు అని కొందరు ఫిర్యాదు చేస్తారు. నిజమే, ఆడదు. ఆడితే ఎండ ముక్కలు కదలాలి, అవి కదిలితే చట్రం వదులవుతుంది. లేగా తెలిసే ఈ బేరం చేశాడు.

ఇంకో సంగతి ఈ బొమ్మను పొగిడేవాళ్లు ఎందుకో పెద్దగా పట్టించుకోరు. కదులుతున్న మనిషి ఒక్కతే: పనిమనిషి. అందరి విశ్రాంతి ఆమె నడక మీద ఆధారపడి ఉంది. లేగా దీన్ని నిరసనగా చూపించాడని అనను, అలా అనడానికి బొమ్మలో ఆధారం లేదు. కానీ దాచనూ లేదు. నిలువుగా, పక్క నుంచి, ఎవరి నీడలోనూ కలవకుండా ఆమెను నిలబెట్టాడు. అకాడమీ మనిషి అయితే ఆమెను మూలకు తోసేవాడు. కథ చెప్పే చిత్రకారుడు ఆమె చేత జారిపోయే కప్పు పట్టించేవాడు.

"స్తోర్నెల్లో పాట" 1867 నాటిది, ఫ్లోరెన్స్‌లో పిత్తీ ప్యాలెస్ ఆధునిక కళా గ్యాలరీలో ఉంది. స్తోర్నెల్లో అంటే టస్కనీ జనం పాడుకునే రెండు మూడు పాదాల చిన్న పదం. తెరిచిన కిటికీ దగ్గర ఒకామె పియానో వాయిస్తుంటే ఇద్దరు వెనక నిలబడి పాడుతున్నారు. బతెల్లి ఆడపిల్లలే మోడళ్లు. ఈ బొమ్మలో గమనించాల్సిన మొదటి విషయం కొలత: 158×98 సెంటీమీటర్లు. ఆ సైజు కాన్వాసు అప్పట్లో దేవతామూర్తికో, రాజుకో, వీరుడికో కేటాయించేవాళ్లు. ముగ్గురు అమ్మాయిలు జానపద పదం పాడుకోవడానికి అంత జాగా ఇవ్వడమే ఒక వాదన. ముఖాల్లో భావోద్వేగం లేదు, వరసగా పక్క నుంచి కనిపిస్తాయి. 15వ శతాబ్దపు చిత్రకారుడు పియెరో దెల్లా ఫ్రాంచెస్కాను గుర్తు చేస్తుందని విమర్శకులు అనడం ఇందుకే. ముస్సీనీ బడి ఇరవై ఏళ్ల తర్వాత ఇక్కడ పండింది.

నాకు వీటన్నిటికంటే రోమ్ జాతీయ ఆధునిక కళా గ్యాలరీలో ఉన్న "పలకరింపు" గొప్పగా తోస్తుంది. 1868లో వేశాడు. సుమారు 31 సెంటీమీటర్ల ఎత్తు, 60 వెడల్పు. ఊరి బయటి ఇల్లు, ముందు వాకిలి, వచ్చిన ఆడవాళ్లు, ఎదురెళ్లిన ఇంటి ఆడవాళ్లు. ఎండ లేదు. వెలుగునీడల మీద బతికే పద్ధతికి ఎండ లేకపోవడం కష్టకాలం: టోన్ల మధ్య దూరం తగ్గిపోతుంది, చిన్న తేడా కూడా తప్పకుండా పట్టుకోవాలి. గోడ తెలుపుకీ ఆకాశపు తెలుపుకీ మధ్య ఉన్న కొద్దిపాటి వ్యత్యాసం మీద బొమ్మంతా నిలబడింది. ఎత్తుకు రెండింతలు వెడల్పున్న ఈ ఆకారం పాత చర్చి పీఠాల కింది అంచున వరసగా వేసే చిన్న చిత్రాల నుంచి వచ్చినది. 1869 నాటి "నిశ్చితార్థ జంట" ఇంకా పొడుగు, సుమారు 35×79. పొడుగాటి కాన్వాసులో మనుషులను మధ్యకు పోగు చేస్తే రెండు వైపులా ఖాళీ మిగిలి బొమ్మ విరుగుతుంది. లేగా ఖాళీ జాగాకు కూడా గోడతోనో, పొలంతోనో, దూరపు మనుషులతోనో బరువు పెడతాడు.

ఆ కాలంలో "ఇటాలియన్ నిత్యజీవిత చిత్రం" అంటే కొనేవాళ్లకు అర్థమైంది వేరు. వైన్ తాగి నవ్వే సన్యాసులు, సూప్ గిన్నె చుట్టూ చిందరవందర చేసే పిల్లలు, మనవణ్ణి ఆడించే ముసలి రైతు. రెజ్జో ఎమీలియాకు చెందిన గయెతానో కియెరిచీ, తర్వాతి తరంలో యుజేనియో జంపీగి ఈ దారిలో నడిచారు; ఇంగ్లిష్, అమెరికన్ కొనుగోలుదారులు ఎగబడ్డారు. ఇవాళ్టి వేలంపాటల్లోనూ అవి బాగానే పోతాయి. వాళ్లకు చేతిపని లేదనడం అన్యాయం; కియెరిచీ రాగి పాత్రను చూస్తే ముట్టుకోబుద్ధేస్తుంది. లోపం ఎక్కడంటే, ముఖాలు కప్పేస్తే బొమ్మ పోతుంది. జోకు అర్థం కాగానే చూడ్డం అయిపోతుంది. "పలకరింపు"లో ముఖాలన్నీ బొటనవేలితో కప్పి చూడండి, బొమ్మ అలాగే ఉంటుంది.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో తెలిసేది 1873 నాటి "జుసెప్పే మాజినీ ఆఖరి ఘడియలు" దగ్గర. ఇటలీ ఐక్యత కోసం పోరాడిన, మన జాతీయోద్యమ కాలం నుంచీ మనకు పరిచయమైన ఆ మాజినీయే. లేగా ఆయన అనుయాయి, రాచరికాన్ని ఒప్పుకోని గణతంత్రవాది. మాజినీ తాను కలగన్న ఇటలీలోనే బ్రౌన్ అనే మారుపేరుతో పీసా నగరంలో తలదాచుకుని, 1872 మార్చి 10న పోయాడు. ఇలాంటి విషయం దొరికితే అకాడమీ చిత్రకారుడు ఏడ్చే శిష్యులను, రెపరెపలాడే జెండాను, ఆకాశం నుంచి దిగే దేవతను తెచ్చేవాడు. లేగా తలదిండు వేశాడు. దుప్పట్లు, గళ్ల శాలువా, దాని మీద కలిపి పెట్టిన చేతులు, ఒరిగిన తల. ఆ శాలువా కార్లో కత్తనేయోది, మరో గణతంత్రవాది. తెలిసినవాడికి ఆ గళ్ల గుడ్డే చరిత్ర. తెలియనివాడికి చలికి కప్పుకున్న ముసలాయన. తెల్లటి దిండు, తెల్లటి పక్క, వాటి మధ్య ముఖం: "పలకరింపు" గోడ దగ్గర చేసిన సాధనే. ఇళ్లూ వాకిళ్లూ వేసి వేసి చేతికి వచ్చిన క్రమశిక్షణ లేకుంటే ఈ బొమ్మ ఉండేది కాదు. ఇది చరిత్ర చిత్రమా, నిత్యజీవిత చిత్రమా అన్న ప్రశ్నకు అకాడమీ బీరువాలో అర లేదు.

ఆ లోపు పియాజెంతీనా చెదిరిపోయింది. గారిబాల్డీ వెంట యుద్ధానికెళ్లిన సెర్నేసి 1866లో గాయపడి, ఖైదీగా బొల్జానోలో చనిపోయాడు. 1860 యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న అబ్బాతి, 1868లో తన కుక్కే కరిచి పిచ్చికుక్క వ్యాధితో పోయాడు. 1870లో విర్జీనియాను క్షయ తీసుకుపోయింది. లేగా ఆ ఇల్లు వదిలాడు. కంటిచూపు మందగించింది. 1875లో బొర్రానీతో కలిసి ఫ్లోరెన్స్‌లో సమకాలీన చిత్రాల గ్యాలరీ తెరిస్తే అదీ ఎన్నాళ్లో నడవలేదు. కొన్నేళ్లు పని బాగా తగ్గిపోయింది.

1880లలో తొమ్మాసి కుటుంబం, ఆ తర్వాత లివోర్నో దగ్గరి గాబ్రో కొండల్లో బందీనీ కుటుంబం ఆయనకు చోటిచ్చాయి. గాబ్రోలో వేసిన పల్లె ఆడవాళ్ల బొమ్మల్లో రంగు దట్టం, కుంచె వెడల్పు, అంచులు తెగినట్టుంటాయి. కళ్లు పోతున్నాయి కాబట్టి అలా వేశాడన్నది తేలికైన వివరణ. కొంత నిజం ఉండొచ్చు. కానీ ఈ బొమ్మల్లో టోన్లు తప్పలేదు. పైగా మోడళ్లు మారారు. పియాజెంతీనా అమ్మాయిలు పియానో ముందు కూర్చునేవాళ్లు. వీళ్లు ఎండలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, వేసేవాడి కళ్లలోకి చూస్తారు. వాళ్లకు పాత సన్నగీత సరిపోదని ఆయన గ్రహించాడనే నేను అనుకుంటాను. 1895 సెప్టెంబర్ 21న ఫ్లోరెన్స్‌లో, ఆసుపత్రిలో, కడుపు క్యాన్సర్‌తో పోయాడు. చేతిలో డబ్బు లేదు.

చూడాలనుకునేవాళ్లకు: ఒక్క రోజే ఉంటే ఫ్లోరెన్స్‌లో పిత్తీ ప్యాలెస్‌కు పోవాలి, టికెట్ కొన్నవాళ్లలో ఎక్కువమంది రఫాయెల్ గదులు చూసి వెనక్కి తిరుగుతారు, ఆధునిక కళా గ్యాలరీ పై అంతస్తులో ఉంటుంది. బ్రేరాలో "పందిరి" ముందు మొదట బాగా వెనక్కి జరిగి కళ్లు సగం మూసి చూడాలి, తర్వాతే దగ్గరికి వెళ్లాలి. ఇక మాజినీ బొమ్మ ఇటలీలో లేదు. అమెరికాలో, రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రొవిడెన్స్‌లోని డిజైన్ స్కూల్ మ్యూజియంలో ఉంది. బోస్టన్ చుట్టుపక్కల మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు; అక్కడి నుంచి సుమారు 80 కిలోమీటర్లు, రైలుంది. బయల్దేరే ముందు బొమ్మ ప్రదర్శనలో ఉందో, అరువు మీద వేరే ఊరు పోయిందో ఫోన్ చేసి కనుక్కోండి.